ఆఖరి పంటు మీద కుర్చీ

బండి కొన్న రోజు షోరూమ్ కుర్రాడు చెప్పాడు:
"చిన్న ఎస్‌యూవీ మేడమ్. ఐదుగురు, వెనక రెండు సూట్‌కేసులు. హాయిగా."
సెలూన్ కుర్చీ సంగతి నేనూ అడగలేదు,
అతనూ చెప్పలేదు.

పాలకొల్లులో ఓ పాత సెలూన్ మూసేస్తున్నారని
తాతారావుకి కబురొచ్చింది.
మా ఆస్పత్రిలో ఆపరేషన్‌కి ముందు పొట్టలు గొరిగే తాతారావు,
ఇరవయ్యేళ్లు ఇంకొకరి అద్దం ముందు నిలబడ్డ తాతారావు
మల్కిపురంలో సొంతానికో షట్టరు అద్దెకి తీసుకున్నాడు.
ట్రాలీ ఆటో వాడు రెండువేలన్నాడట.
"మీ బండి పొట్టిదైనా పొగరున్న బండండి, సిస్టరుగారూ."
ఆ మాటకి పడిపోయాను.

కుర్చీని చూశాక గానీ తెలిసిరాలేదు.
పోత ఇనుప పాదం,
కాలితో తొక్కితే లేచే పంపు,
చేతుల మీద పింగాణీ, ఒకచోట పెచ్చు రాలి.
పాత ఇనుము కొట్టు కాటా మీద
నూట పదమూడు కిలోలు.
"తూకానికి ఇచ్చేత్తారేటండి?" కాటావాడి ఆశ.

వెనక సీట్లు మడిచాం.
పడుకోబెడితే పంపు నూనె కారుతుంది,
నిలబెడితే కప్పు తగులుతుంది.
తలదిండు పీకి, పంపు అడుగంటా దించి,
అటు తిప్పి ఇటు తిప్పి,
అడ్డం తిరిగిన బిడ్డని సర్దినట్టు సర్దాం.
కాకపోతే ఇది లోపలికి.
చివరికి వెనక్కి చూస్తూ కూచుంది,
పాదం జానెడు బయటికి.
మూతపడని డిక్కీకి కొబ్బరితాడు, పైన సైకిల్ ట్యూబు.
కదలకుండా బరువుకి మేనల్లుడు ఏసుబాబు
అందులోనే ఎక్కి కూచున్నాడు, మెడ వంచుకుని.

టైర్లలో గాలి మూడు పాయింట్లు ఎక్కువే పెట్టించాను.
అయినా వెనక కుంగింది, ముక్కు లేచింది.
పొద్దుగూకి లైట్లేస్తే
రోడ్డు కనబడదు,
కొబ్బరి మొవ్వులు కనబడతాయి.
పదహారేళ్లుగా ఇదే దారిన డ్యూటీకి పోతున్నాను,
వాటి మొహాలు చూడ్డం అదే మొదలు.
ఎదురొచ్చినవాళ్లంతా తిట్టారు.
న్యాయమే.

ముల్లు ఇరవై దాటలేదు.
ఆరబోసిన ధాన్యం పక్కనించి,
చీకట్లో నురగ కొడుతున్న రొయ్యల చెరువుల పక్కనించి.
గతుకొస్తే తాతారావు "అమ్మా" అంటాడు,
కుర్చీ నడుం తనదే అయినట్టు.
వెనకనించి కుర్రాడు:
"మాయ్యా, ఊళ్లన్నీ ఎనక్కెల్లిపోతన్నాయి!"

నర్సాపురం రేవులో ఆఖరి పంటు.
"టిక్కెట్టు కారుకా, కుర్చీకా?"
పంటు మీద పనిచేసే పెద్దింట్లు
మూడ్రోజుల గెడ్డం గీరుకుంటూ.
"దిగరా ఏసూ. నువ్వు కూచోవయ్యా," అన్నాడు తాతారావు.

ఏటి నడిమధ్య, డిక్కీ దీపం గుడ్డి వెలుగులో
సంచిలోంచి కత్తి తీశాడు.
గోదారి నీళ్లు ముంచి బ్రష్షు ఎంత తిప్పినా నురగ రాదు.
అక్కడికి సముద్రం సగం వచ్చేసి ఉంటుంది.
నా సీసాలో మంచినీళ్లు పోశాను.
ఇంజను దడకి పంటు ఎటు ఊగితే అటే ఊగుతూ
అతను కుడిచెంప పూర్తిచేసేసరికి
సఖినేటిపల్లి ఒడ్డు ధడేల్మని తగిలింది.

హారన్లు. "కదలండమ్మా, కదలండి."
సగం మొహంతోనే పెద్దింట్లు గొలుసు విప్పాడు.
"మరీ పక్కో?"
"మల్కిపురం రా. ఎరువుల కొట్టు పక్క షట్టరు.
ఎల్లుండి కొబ్బరికాయ కొడతన్నాను.
అద్దం ఇంకా రాలేదు.
కుర్చీ ఉంది."

దింపడానికి ఆరుగురు కావలసొచ్చారు.
ఆఖరి చెయ్యి వదిలేసరికి బండి
మోకాళ్ల మీంచి లేచినట్టు లేచింది.
డిక్కీ కార్పెట్‌లో పళ్లెమంత గుంట, ఇప్పటికీ పూడలేదు.
డబ్బులివ్వబోతే వద్దన్నాను.
"మీకేం చెయ్యనండి, మీకు గెడ్డవన్నా లేదు,"
అని నిజంగానే దిగులుపడ్డాడు.

ఇంటి మలుపు తిరిగితే
లైట్లు మళ్లీ రోడ్డు మీదికి దిగిపోయాయి.
గుంటలు, ఒక కప్ప, ఎవరో తాగి పారేసిన బొండాం.
పైన మొవ్వులు ఉండే ఉంటాయి.